మూత తీసిన పియానో: ముగ్గురు సోలోయిస్టుల కాన్సర్టో రికార్డింగ్, ఒక కేస్ స్టడీ

బేతోవెన్ ట్రిపుల్ కాన్సర్టో (ముగ్గురు సోలోయిస్టులు ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) రికార్డింగ్ ఒకదానికి బ్యాలెన్స్ ఇంజనీరుగా, అంటే మైకులు పెట్టి వాద్యాల శబ్దాలు సరితూగేలా చూసే మనిషిగా, పనిచేశాను. సెషన్ల మధ్యలో సోలోయిస్టుల అమరిక మొత్తం మార్చాల్సి వచ్చింది. మార్చకముందు ఏమేం చేసి చూశాం, అవి ఎందుకు కుదరలేదు, మార్చాక ఏం ఒరిగింది అన్నది సౌండ్ పనిలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. ఊరు, ఆర్కెస్ట్రా, లేబుల్ పేర్లు చెప్పను. సోలోయిస్టుల్లో ఎవరు ఆడ, ఎవరు మగ అన్నది కూడా మార్చేశాను. మధ్య యూరప్‌లో ఒక పెద్ద చర్చి, మంచి ఆర్కెస్ట్రా, ఒక్కొక్కరి పేరు మీదే హాలు నిండిపోయే ముగ్గురు సోలోయిస్టులు. ఈపాటి తెలిస్తే చాలు.

నేపథ్యం

ముందు ఆ రచన గురించి కొంచెం చెప్పాలి, మా తిప్పలన్నిటికీ మూలం అందులోనే ఉంది కాబట్టి. 1804 ప్రాంతంలో రాసిన ఈ సి మేజర్ కాన్సర్టోలో (ఓపస్ 56) వయొలిన్, సెల్లో, పియానో ముగ్గురూ సోలోయిస్టులే. మొత్తం 35 నిమిషాలు ఉంటుంది. మూడు భాగాల్లోనూ సోలో ఎత్తుగడ సెల్లోదే. సెల్లో మంద్ర గొంతు ఆర్కెస్ట్రాలో మునిగిపోతుందని బేతోవెన్‌కి తెలుసు. అందుకే సెల్లోని ఎక్కువసేపు పై తీగ మీద, పై స్థాయిలో పాడించాడు. సెల్లిస్టులకి అక్కడ వేలు వెంట్రుకవాసి తప్పినా అపస్వరం బయటపడిపోతుంది. ఈ కాన్సర్టో అంటే పెద్ద పెద్దవాళ్ళకి కూడా టెన్షనే.

పియానో సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ముగ్గురిలో వాయించడానికి తేలికైన భాగం దానిదే. చర్చిలో వినపడేది మాత్రం అన్నిటికన్నా ఎక్కువ అదే. అందరికన్నా కష్టపడే మనిషి చేతిలో అందరికన్నా చిన్న గొంతున్న వాద్యం పెట్టి, తేలిగ్గా వాయించే మనిషి చేతికి తొమ్మిదడుగుల గ్రాండ్ పియానో ఇచ్చారన్నమాట.

కచేరీలో ఇది అంత తెలియదు. సెల్లిస్టు ఊపిరి బిగబట్టడం, విల్లు ఎత్తడం కంటికి కనపడుతుంటే చెవి అటే వెళుతుంది. రికార్డింగ్‌లో ఆ కన్ను సాయం లేదు.

దీనికి పెద్ద పేరున్న పాత రికార్డింగ్ ఒకటి ఉంది. 1969లో బెర్లిన్ దాలెమ్‌లోని యేసుక్రీస్తు చర్చిలో కండక్టర్ కారయాన్, బెర్లిన్ ఫిల్హార్మొనిక్ ఆర్కెస్ట్రా, ఓయిస్ట్రాఖ్ (వయొలిన్), రొస్ట్రొపోవిచ్ (సెల్లో), రిఖ్తర్ (పియానో) కలిసి చేసింది. అంతమంది మహామహులు ఒక చోట చేరితే ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ రిఖ్తర్‌కి అది ఏమాత్రం నచ్చలేదు. ఇంకో టేక్ చేద్దామంటే, ఫోటోలు దిగాలి, టైమ్ లేదని కారయాన్ ఒప్పుకోలేదని తర్వాతి కాలంలో బాహాటంగానే చెప్పుకొచ్చాడు. మా ప్రొడ్యూసర్ ఈ సంగతి గుర్తుపెట్టుకుని, కవర్ ఫోటో షూటింగ్ సెషన్ రోజుల్లో పెట్టడానికి వీల్లేదని లేబుల్‌తో ముందే గట్టిగా చెప్పాడు. ఆ ఒక్క నిర్ణయం వల్ల మాకు ఎంత సమయం మిగిలిందో తర్వాత అర్థమైంది.

కాంట్రాక్టు గురించి కూడా ఒక మాట. ముగ్గురికీ విడివిడిగా ఆమోదం హక్కు ఉంది. ముగ్గురిలో ఏ ఒక్కరు వద్దన్నా మాస్టర్ (చివరి రికార్డింగ్) బయటికి వెళ్ళదు. ముగ్గురికీ వేర్వేరు మేనేజర్లు. ముగ్గురూ కలిసి ఒక కచేరీ అప్పటికే ఇచ్చి వచ్చారు కాబట్టి సంగీతం సిద్ధంగానే ఉంది.

మన సినిమా స్టూడియోల్లో పనిచేసినవాళ్ళు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు, నేనూ అక్కడినుంచి వచ్చినవాణ్ణే. సోలోయిస్టుల్ని తలో బూత్‌లో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లలో క్లిక్ (లయ చెప్పే టిక్ టిక్ చప్పుడు) ఇచ్చి, విడివిడిగా తీసుకుంటే గొడవేముంది? సినిమా పాటకి అది సరైన పద్ధతే, చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ ఎన్నో గొప్ప పాటలు అలాగే వచ్చాయి. ఇక్కడ మాత్రం లయ ఎవరి చేతిలోనూ స్థిరంగా ఉండదు. రెండో భాగమైన లార్గో చివర ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ, వేగం పెంచుకుంటూ పలికి, ఎక్కడా ఆగకుండా సోలోయిస్టులు మూడో భాగంలోకి దూకుతారు. ఆ వేగం ఎంత పెరగాలన్నది ఆ క్షణంలో సెల్లిస్టు నిర్ణయిస్తాడు. మిగతావాళ్ళు అతని మోచేతిని చూసి పట్టుకుంటారు. దానికి క్లిక్ వేయలేం. పైగా చర్చి ప్రతిధ్వని కూడా ఈ సంగీతంలో భాగమే. బూత్‌లో తీసి తర్వాత రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) అద్దితే అది అద్దినట్టే ఉంటుంది.

ఎదురైన సమస్య

మొదటి సెషన్‌కి అమరిక కచేరీలో ఉన్నట్టే పెట్టాం. పియానో మధ్యలో, మూత పూర్తిగా ఎత్తి, ప్రేక్షకులు కూర్చునే వైపు తెరుచుకునేలా. దాని ముందు ఎడమపక్క వయొలినిస్టు, కుడిపక్క చిన్న పీట మీద సెల్లిస్టు, ఇద్దరూ ఖాళీ చర్చి వైపు తిరిగి. కండక్టర్ పియానోకి అవతల, ఆర్కెస్ట్రా వైపు. కచేరీ అలవాటు చెదరకూడదని, కొత్త చోట కూర్చోబెడితే సర్దుకోవడానికే గంట పోతుందని ఆ అమరిక ఎంచుకున్నాం. ఆర్కెస్ట్రా గంట ఖరీదు తెలిసినవాళ్ళెవరైనా అలాగే మొదలుపెడతారు.

మైకుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రధాన మైకులు డెక్కా ట్రీ, అంటే మూడు ఓమ్నీ మైకులు (అన్ని దిక్కుల శబ్దాన్నీ తీసుకునేవి) త్రికోణంలో, ఎడమ కుడి మైకుల మధ్య సుమారు 2 మీటర్లు, మధ్య మైకు మీటరున్నర ముందుకి, కండక్టర్ తల మీద ఎత్తుగా. రెండు పక్కలా ఔట్‌రిగ్గర్లు, అంటే అదనపు మైకులు. వుడ్‌విండ్‌కి (ఫ్లూట్, ఒబో లాంటి గాలి వాద్యాలు), బాస్‌లకి, టింపనీకి స్పాట్ మైకులు, అంటే వాద్యానికి దగ్గరగా పెట్టేవి. సోలోయిస్టులకి తలో కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునే మైకు) స్పాట్.

ఆర్కెస్ట్రా ఒక్కటే వాయించే ఆరంభం అద్భుతంగా వచ్చింది. ఆర్కెస్ట్రాలోని సెల్లోలు, బాస్‌లు మాత్రమే మెల్లగా మొదలయ్యే ఆ మొదటి పలుకు ఆ చర్చిలో వింటుంటే అందరి ముఖాలూ విప్పారాయి. రెండు నిమిషాలు దాటాక సోలో సెల్లో వచ్చింది. ఒక్కడే ఉన్నంతసేపూ బాగుంది. వయొలిన్ చేరింది, అప్పటికీ బాగుంది. పియానో చేరగానే సెల్లో వెనక్కి జరిగిపోయినట్టు వినపడింది. ముగ్గురూ కలిసి వాయించే చోట్ల సెల్లో విల్లు కదలిక తెలుస్తోంది తప్ప స్వరం తెలియడం లేదు.

బ్రేక్‌లో ముగ్గురూ కంట్రోల్ రూమ్‌కి వచ్చారు, కానీ కలిసి రాలేదు. ముందు సెల్లిస్టు వచ్చి, తన వాద్యం దుప్పటి కప్పుకున్నట్టుందన్నాడు. ఆయన వెళ్ళాక వయొలినిస్టు వచ్చి, సెల్లిస్టు అవసరానికి మించి గట్టిగా వాయిస్తున్నాడనీ, దాంతో తనూ గట్టిగా వాయించాల్సి వస్తోందనీ చెప్పింది. పియానిస్టు చివర్లో వచ్చి, తనకి వాళ్ళిద్దరి వీపులు తప్ప ఏమీ కనపడటం లేదన్నాడు. అందరూ పెద్దవాళ్ళే, అందరూ మర్యాదగానే చెప్పారు. మొదటి ఇద్దరి మాటల్లోనూ కోరిక ఒక్కటే: తన ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) కొంచెం పైకి. పియానిస్టు మాట మాత్రం వేరు. ఆ తేడాని అప్పుడే గమనించిన ప్రొడ్యూసర్ దాన్ని స్కోర్ అంచున రాసిపెట్టుకున్నాడు.

చేసి చూసినవి

అన్నిటికన్నా తక్కువ సమయం పట్టేదాన్నుంచి మొదలుపెట్టాం. ఆర్కెస్ట్రా కూర్చుని ఉండగా ఏ మార్పుకి ఎన్ని నిమిషాలన్నదే మొదటి లెక్క.

సెల్లో స్పాట్ పెంచాం. ఫేడర్‌తో పాటు పియానో కూడా పెరిగింది. కారణం గీసి చూస్తే తెలిసిపోతుంది. సెల్లిస్టు పియానో ముందు కూర్చుని ఖాళీ చర్చి వైపు చూస్తున్నాడు. అతని మైకు అతనికి ఎదురుగా, అతని వైపు తిరిగి ఉంది. అతని వెనక తెరిచిన పియానో మూత ఉంది. కాబట్టి ఆ మైకు సెల్లోని ఎంత చూస్తోందో పియానోని కూడా అంతే చూస్తోంది. కార్డియాయిడ్ మైకుకి వినపడని దిక్కు దాని వెనకవైపు. ఆ వెనకవైపున మా దగ్గర ఉన్నది ఖాళీ చర్చి. మైకుకున్న ఒకే ఒక్క రక్షణ, అడ్డుకోవాల్సిందేమీ లేని దిక్కుకి తిరిగి ఉందన్నమాట.

పైగా ఆ పియానో శబ్దం పియానో సొంత మైకులకి ఒక సమయంలో, సెల్లో మైకుకి ఇంకొంచెం ఆలస్యంగా చేరుతోంది. రెండూ కలిసేసరికి కోంబ్ ఫిల్టర్ పడి (శబ్దంలో కొన్ని భాగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని) పియానో డొల్లగా మారింది. సెల్లోని బాగుచేయబోతే పియానో చెడింది.

తర్వాత సెల్లో మైకుని బాగా దగ్గరికి జరిపాం. లీకేజ్ (ఒక వాద్యం మైకులోకి ఇంకో వాద్యం శబ్దం చొరబడటం) తగ్గింది. కానీ విల్లు రాపిడి, వేళ్ళు తీగని నొక్కే చప్పుడు, ఆయన ఊపిరి, అన్నీ పైకి వచ్చేశాయి. సెల్లో శబ్దం ఒక్క రంధ్రంలోంచి వచ్చేది కాదు. పై పలక, వెనక పలక, కింద పీట, అన్నీ కలిసి మోగితేనే అది సెల్లో. జానెడు దూరంలో మైకు పెడితే అందులో ఒక ముక్క మాత్రమే వస్తుంది. ముక్కుతో పాడుతున్నట్టుందని సెల్లిస్టే అన్నాడు, నిజం.

పియానో మూత సగానికి దించి చూశాం. పియానో తగ్గింది, దాంతో పాటు మెరుపూ తగ్గింది. శబ్దం కింద చెక్కకి కొట్టుకుని బురద బురదగా అయ్యింది. పియానిస్టు ఏమీ అనలేదు గానీ, తనకి తన శబ్దం సరిగ్గా వినపడక కీల మీద బలం పెంచాడు. ఫలితంగా అది మునుపటికన్నా పెద్దగా, మునుపటికన్నా వికారంగా వచ్చింది. వాయించేవాళ్ళు చెవిని బట్టి చేతిని సర్దుకుంటారు. చెవికి అందేది తగ్గిస్తే చెయ్యి దాన్ని పూడ్చేస్తుంది.

ఇంకో దారి, వయొలినిస్టుని కొంచెం తగ్గించి వాయించమని అడగడం. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? కండక్టర్ కట్టాడు, చాలా సున్నితంగా. ఆవిడ తగ్గించింది. ఆ టేక్ వింటే శబ్దాల కొలత సరిపోయింది, సంగీతం చచ్చిపోయింది. ఆవిడ వాయింపులో ఉన్న ధైర్యమే పోయింది. ఆ టేక్ ఎందుకూ పనికిరాదని ప్రొడ్యూసర్ టేక్ షీట్‌లో అక్కడికక్కడే కొట్టేశాడు.

మిగిలింది మిక్స్‌లో చూసుకుందాం అన్న ఆలోచన. దీన్ని ఆలోచించకుండానే కొట్టిపారేయలేదు, ఎందుకంటే చాలా ప్రాజెక్టులు అలాగే గట్టెక్కుతాయి. ముగ్గురి స్పాట్‌లూ విడివిడి ట్రాకుల మీద ఉన్నాయి కదా, తర్వాత సర్దవచ్చు. కానీ సెల్లో ట్రాకులో సగం పియానో ఉన్నప్పుడు దాన్ని సెల్లో ట్రాకు అనడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. పైగా దాని దెబ్బ ఎడిటింగ్‌లో ఇంకా గట్టిగా తగులుతుంది. ఒక టేక్‌లో వయొలిన్ బాగుంది, ఇంకో టేక్‌లో సెల్లో బాగుంది అనుకోండి. ఇది తీసి అందులో అతికించలేం, ప్రతి మైకులోనూ అందరూ ఉన్నారు కాబట్టి. ముగ్గురూ ఒకేసారి బాగా వాయించిన టేకే కావాలి. కాబట్టి ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు విని, హాయిగా వాయించే పరిస్థితి కల్పించడం మిక్స్ కన్నా ముందు తేలాల్సిన విషయం.

ఇక్కడే పియానిస్టు అన్న మాటకి విలువ తెలిసింది. వీపులు తప్ప ఏమీ కనపడటం లేదన్నాడు. ఎదురుగా ప్రేక్షకులు ఎవరూ లేరు. మరి వాళ్ళిద్దరూ ఎవరి వైపు తిరిగి కూర్చున్నట్టు?

పనిచేసింది

ఆ రోజు ఆర్కెస్ట్రా వెళ్ళిపోయాక సోలోయిస్టుల్ని, పియానో ట్యూనర్‌ని కొంచెంసేపు ఉండమన్నాం. ఆర్కెస్ట్రా లేనప్పుడు ప్రయోగానికి ఖర్చు తక్కువ, ముగ్గురికీ మొహమాటం కూడా తక్కువ.

పియానోని ఉన్నచోటే ఉంచి మూత పూర్తిగా ఊడదీయించాం. వయొలినిస్టునీ సెల్లిస్టునీ పియానో ముందు నుంచి నాలుగు మీటర్ల దాకా చర్చి లోపలికి జరిపి, మొహాలు ఆర్కెస్ట్రా వైపు తిప్పాం. కీల ముందు కూర్చున్న పియానిస్టు తల కొంచెం తిప్పితే ఇద్దరి ముఖాలూ కనపడతాయి. అడ్డంగా మూత లేదు కాబట్టి కండక్టర్‌కి కూడా ముగ్గురూ కనపడతారు. ఇప్పుడు సెల్లో మైకు సెల్లోకీ పియానోకీ మధ్యలో ఉంది. సెల్లో వైపు చూస్తోంది, పియానోకీ ఆర్కెస్ట్రాకీ వీపు చూపిస్తోంది. వయొలిన్ మైకూ అంతే. ఆ మైకుల్ని మార్చలేదు, మనుషుల్ని తిప్పాం.

సెల్లో కింద ఉన్న పీటని కూడా మార్చాం. గట్టి చెక్క దిమ్మ తీసేసి, లోపల బోలుగా ఉన్న వేదిక పెట్టాం. సెల్లో కాలికున్న ముల్లు ఆ చెక్కలోకి దిగి, చెక్క కూడా దానితో పాటు మోగుతుంది. మంద్రస్వరాలు నిండుగా వచ్చాయి. సెల్లిస్టుకి అది తన ఒంట్లో తెలుస్తుంది. అలా తెలిసినప్పుడు విల్లుని అదిమిపట్టడం మానేస్తాడు.

దీనికి పియానిస్టు మొదట ఒప్పుకోలేదు. మూత లేని పియానో శబ్దం నేరుగా పైకప్పుకి పోతుందనీ, సుత్తుల చప్పుడు బయటపడుతుందనీ, తన స్వరానికి దిక్కు లేకుండా పోతుందనీ అన్నాడు. ఆయన అన్నవన్నీ నిజాలే. కాబట్టి నచ్చజెప్పే ప్రయత్నం చేయలేదు. పియానో మైకుల్ని పైనుంచి కొంచెం వెనక్కి తీసి, సుత్తుల మీదికి కాకుండా తీగల మధ్యభాగం మీదికి గురిపెట్టి, రెండు అమరికల్లోనూ అదే చోటు వాయింపజేసి వినిపించాం. ముగ్గురూ ఒకే గదిలో, ఒకే స్పీకర్ల ముందు, ఒకే స్కోర్ చూస్తూ విన్నారు. ఇది ప్రొడ్యూసర్ పెట్టిన షరతు. అంతకుముందు ఎవరికి వాళ్ళు వచ్చి తమ వాద్యాన్నే విన్నారు. కలిసి వింటున్నప్పుడు, ఫలానా చోట రాగం సెల్లోది కదా, మన చేతిలో ఉన్నది నేపథ్యం కదా అని పియానిస్టే అన్నాడు. ఆ మాట నేను అని ఉంటే గొడవయ్యేది.

ఆ రాత్రే ప్రొడ్యూసర్ స్కోర్ మొత్తం మీద రంగు పెన్సిళ్ళతో ఏ చోట ఎవరి స్వరం ముందుండాలి, ఎవరిది వెనకుండాలి అని గీశాడు. మర్నాడు ముగ్గురికీ దాని కాపీలు ఇచ్చాం. రెండు మూడు చోట్ల వాళ్ళు రంగులు మార్చారు. ఆ తర్వాత ఫేడర్ పెంచమని ఎవరూ అడగలేదు. అడిగినా, ఏ చోట, అక్కడ రంగు ఎవరిది అని తిరిగి అడగడానికి మా దగ్గర కాగితం ఉంది.

మైకుల్లో ఒక చేర్పు మాత్రం చేశాం. సోలోయిస్టులు ఇప్పుడు డెక్కా ట్రీకి వెనక ఉన్నారు కాబట్టి ముగ్గురినీ ఒక బృందంగా పట్టుకునే ఓమ్నీ జత ఒకటి వాళ్ళకి ఎదురుగా ఎత్తులో పెట్టాం. సోలోల అసలు శబ్దం అందులోంచే వచ్చింది. విడి స్పాట్‌లు దానికి అంచులు దిద్దడానికే. ట్రీకీ స్పాట్‌లకీ మధ్య 6 మీటర్ల దూరం ఉంటే శబ్దానికి అది 17, 18 మిల్లీసెకండ్ల ప్రయాణం. స్పాట్ ముందు వినపడితే చెవి సోలోయిస్టుని అక్కడే, స్పీకర్‌కి అతుక్కుని ఉన్నట్టు ఊహించుకుంటుంది. అందుకని స్పాట్‌లని అంతకన్నా కొన్ని మిల్లీసెకండ్లు ఎక్కువే ఆలస్యం చేశాం. స్థానం దూరపు మైకులు చెబుతాయి, స్పష్టత దగ్గరి మైకు ఇస్తుంది.

ట్రీని మాత్రం అంగుళం కూడా కదపలేదు. కావాలనే. మొదటి సెషన్‌లో ఆర్కెస్ట్రా ఒక్కటే వాయించిన ఆ ఆరంభం అంత బాగా వచ్చింది కాబట్టి దాన్ని పోగొట్టుకోదలచుకోలేదు. ట్రీ చోటు మారితే ఆర్కెస్ట్రా దూరం మారి అతుకు బయటపడేది. మూత లేకపోవడం వల్ల కొద్దిపాటి తేడా ఉంటుందని భయపడ్డాం. సెల్లో ప్రవేశానికి ముందు కలిపి చూస్తే అతుకు తెలియలేదు. మొదటి రోజు తీసినవాటిలో ఆ ఆరంభం తప్ప మిగతాదంతా పక్కన పెట్టేశాం.

శ్రుతి, చలి, హీటర్

ఈ కేసుకి ఇదో పక్కదారి, కానీ చర్చిల్లో రికార్డు చేసేవాళ్ళకి చాలా ముఖ్యం. హీటర్ నడిస్తే దాని గాలి చప్పుడు ప్రతి పియానిస్సిమోలోనూ (అతి మెల్లగా వాయించే చోట) వినపడుతుంది. ఆపితే చర్చి చల్లబడుతుంది. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే గాలి వాద్యాల శ్రుతి లెక్కప్రకారం సుమారు 3 సెంట్లు (సెమిటోన్‌లో వందో వంతు ఒక సెంటు) తగ్గుతుంది. వాయించేవాళ్ళ ఊపిరి వేడి కొంత కాపాడుతుంది గానీ పూర్తిగా కాదు. అదే చలికి పియానో తీగలు బిగుసుకుని కొద్దిగా పైకి పోతాయి. మామూలుగా ఒబో ఇచ్చే శ్రుతిని పియానో ఉన్నప్పుడు పియానో నుంచే తీసుకుంటారు. సెషన్ మొదట్లో కలిసిన శ్రుతి చివరికి రెండు దిక్కులకి లాగుతుంది. మొదటి గంట టేక్‌నీ చివరి గంట టేక్‌నీ అతికిస్తే మామూలు చెవికే తెలిసిపోతుంది.

చర్చిని ముందే కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ వేడెక్కించి, టేకులప్పుడు ఆపి, బ్రేక్‌లో మళ్ళీ వేయించాం. ప్రతి టేక్ పక్కన ఉష్ణోగ్రత రాశాం. ప్యాచ్ (అతికించడానికి మళ్ళీ వాయించే చిన్న ముక్క) తీసుకోవాల్సిన చోట్లని వీలైనంతవరకు అదే సెషన్ అదే సగంలో తీసుకున్నాం. లార్గో చివర, పొలాకా (మూడో భాగం) మొదలు విడదీయకుండా ఒకే టేక్‌గా తీశాం. అక్కడ అతుకు పెడితే ఆ వేగం పెరిగే తీరు చచ్చిపోతుంది.

ఎడిటింగ్, ఆమోదాలు

మూడో భాగంలో ఒక చోట రెండు టేకుల మధ్య నలిగిపోయాం. ఒకదానిలో వయొలిన్ మెరిసిపోయింది, సెల్లో మాత్రం పై స్వరానికి జారేటప్పుడు ఒక వెంట్రుకవాసి కిందికి దిగింది. ఇంకోదానిలో సెల్లో నిక్కచ్చిగా ఉంది, వయొలిన్ కొంచెం జాగ్రత్తపడినట్టుంది. కొత్త అమరికలో లీకేజ్ తగ్గింది గానీ పోలేదు, కాబట్టి ఆ ఒక్క సెల్లో స్వరాన్ని ఇంకో టేక్ నుంచి తెచ్చి పెట్టడం కుదరదు. సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి సరిదిద్దితే ముగ్గురినీ కలిపి పట్టిన ఓమ్నీ జతలో ఉన్న అసలు స్వరం దానితో కొట్లాడుతుంది. ముగ్గురికీ పంపిన మొదటి ఎడిట్‌లో వయొలిన్ మెరిసిన టేక్ పెట్టాం. సెల్లిస్టు కచ్చితంగా అభ్యంతరం చెబుతాడని అనుకున్నాం, చెప్పాడు. చివరికి ఆ స్వరానికి కొంచెం ముందు, ముగ్గురూ ఒక్క క్షణం ఊపిరి తీసుకునే చోట కత్తిరించి, సెల్లో బాగున్న టేక్‌లోకి వెళ్ళి, మళ్ళీ నాలుగు బార్ల (తాళావర్తనాల) తర్వాత తిరిగొచ్చాం. వయొలిన్ మెరుపులో చాలా భాగం దక్కింది. అంతా దక్కలేదు.

ఆమోదాలకి ముందే ఒక పద్ధతి రాసుకున్నాం. అభిప్రాయాలన్నీ ఒకే పట్టికలో, బార్ నంబరుతో. తప్పు స్వరం, శ్రుతి, పదం విరుపు గురించి ఎవరైనా ఎప్పుడైనా రాయవచ్చు. బ్యాలెన్స్ గురించి మాత్రం ముగ్గురూ కలిసి విన్నప్పుడే. ఒక మేనేజర్ దీన్ని పక్కనపెట్టి, తమ కళాకారుడి వాద్యం ఒక డెసిబెల్ పెంచమని నాకు విడిగా రాశారు. పట్టికలో రాయమని మర్యాదగా జవాబిచ్చాను. అది పట్టికలోకి ఎప్పుడూ రాలేదు, మిగతా ఇద్దరూ చూస్తారు కాబట్టి.

మిక్స్‌లో ఫేడర్ కదలికలు చాలా తక్కువ. సెల్లో స్పాట్ కొన్ని చోట్ల ఒకటి, ఒకటిన్నర డెసిబెల్ పైకి వెళ్ళింది, అంతే. పియానిస్టు మాత్రం ఇప్పటికీ తన స్వరం కొంచెం పలచగా ఉందనే అంటాడు. మూత తీసినందుకు కట్టిన మూల్యం అది. ఆయన చెవి అబద్ధం చెప్పడం లేదు.

దీని తర్వాత నా పనిలో మారినవి

అమరిక పరీక్షని ఆర్కెస్ట్రా రాకముందే, సోలోయిస్టులతో మాత్రమే పెట్టమని ఇప్పుడు ఒప్పందంలోనే అడుగుతున్నాను. సగం పూట అద్దె, ట్యూనర్ కూలి అదనం. ఆర్కెస్ట్రా సెషన్‌లో సగం పారేసుకోవడంతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. నిర్మాతలు మొదట ముఖం చిట్లిస్తారు, అంకెలు చూపిస్తే ఒప్పుకుంటారు.

సోలోయిస్టు విడిగా కంట్రోల్ రూమ్‌కి వస్తే వినిపించకుండా పంపను, పంపకూడదు కూడా. బ్యాలెన్స్ మాట వస్తే మాత్రం మిగతావాళ్ళు వచ్చేదాకా ఆగమంటాను. వాళ్ళు శబ్దం గురించి చెప్పే ఫిర్యాదుల కన్నా, కనపడటం లేదు, వినపడటం లేదు అని చెప్పే ఫిర్యాదుల్ని ముందు చూస్తాను. మొదటి రకం ఫిర్యాదులకి చాలాసార్లు రెండో రకమే కారణం.

ఈమధ్య బ్రామ్స్ డబుల్ కాన్సర్టో పని వచ్చినప్పుడు, ట్రిపుల్ కాన్సర్టో సంగతి విన్న ఒక నిర్మాత, సోలోయిస్టుల్ని అలాగే తిప్పి కూర్చోబెడదామన్నాడు. వద్దన్నాను. అందులో పియానో లేదు, సోలోయిస్టుల వెనక మూత లేదు. మైకుల్లోకి వచ్చేది ఆర్కెస్ట్రా ముందు వరస శబ్దమే, అది కొంచెం కలిస్తే ఆ సంగీతానికి మంచిదే. పైగా బ్రామ్స్ చాలాచోట్ల వయొలిన్‌నీ సెల్లోనీ కలిపి ఒకే పెద్ద వాద్యంలా పలికిస్తాడు. ఆర్కెస్ట్రాకి నాలుగు మీటర్లు ఎడంగా పెడితే ఆ గొంతు వేరుపడిపోతుంది. ఆ ఇద్దరినీ మామూలు కచేరీలో లాగే కండక్టర్ పక్కనే ఉంచాం. సెల్లో కింద బోలు వేదిక మాత్రం వేయించాను.